పద్నాలుగో నంబరు గుండు

జూన్ 11, 2019

గుట్ట మీద గుండ్లకు ఎవరో ఎర్ర పెయింటుతో నంబర్లు వేసి పోయారు. మా గొర్రెలు నీళ్ళు తాగే దొన పక్కనున్న పెద్ద గుండుకు పద్నాలుగు పడింది. అత్తమ్మకు చదువు రాదు. అంకెను చూసి, గీ గుండును ఎవలు కొన్నరే పిల్లా అని అడిగింది. ఎవరివో తెలియాలని మేము గొర్రెల మెడకు ఎర్రరంగు పూస్తాం. అందుకే అలా అడిగింది.

జూన్ 14

గుట్టను గ్రానైట్ కంపెనీకి లీజుకు ఇస్తారట. ఇరవై ఏళ్ళు. కంపెనీ తరఫున దివాకర్ అనే ఆయన వచ్చి మా అరుగు మీద కూచుని చాయ్ తాగాడు. మా ఆయనకు టిప్పర్ డ్రైవర్ పని ఇప్పిస్తానన్నాడు. గొర్రెల ఎనక ఎన్నొద్దులు తిరుగుతవ్ శివకృష్ణా అన్నాడు. గుట్ట సర్కారుది, సర్కారే ఇస్తాంది, మీదేం పోతది అని కూడా అన్నాడు.

అత్తమ్మ ఖాళీ గ్లాసు తీసుకుంటూ, సర్కారుదంటె మందిది గాదా సారు, మందిని అడిగిన్రా అంది. ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు.

నేను తలుపు చాటునే ఉన్నాను. అలా అడగడం నాకు ఈ జన్మలో రాదు.

జూన్ 15

మా ఆయన అన్నం సరిగా తినలేదు. డ్రైవింగ్ అంటే ఆయనకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. లైసెన్సు తీసి రెండేళ్ళయింది. పెట్టెలో ఉంది.

జూన్ 20

ఆయన మోత్కూర్ మండలాఫీసుకు పోయి గుట్ట కాగితాలు జిరాక్స్ తెచ్చాడు. రెండు. పాతదాంట్లో "బంచరాయి, నూట పది ఎకరాలు" అని ఉంది. లీజు కోసం రాసిన కొత్త రిపోర్టులో "రాతి భూమి, మేతకు పనికిరాదు" అని ఉంది. నేను ఏడో తరగతి దాకా చదివాను. కూడబలుక్కుని చదివి వినిపించాను. పాత కాగితంలోనే రాయి అని ఉంది కదా, ఇంక మనం ఏమని కొట్లాడతాం అన్నాను.

అత్తమ్మ దగ్గు వచ్చేదాకా నవ్వింది. హాలియా కాలువ కింద పుట్టినవ్, వరి తప్ప ఏం జూసినవ్ పిల్లా అంది. బంచరాయి అంటె రాయి గాదంట. ఊరందరి జీవాలు మేసే జాగానంట.

సిగ్గుతో తల దించుకున్నాను. కాసేపటికి ఒకటి తట్టింది. రిపోర్టు రాసినాయన కూడా నాలాగే చదివి ఉంటాడు. ఆ మాట మెల్లగా పైకే అన్నాను. ఇద్దరూ నా వైపు చూశారు.

జూన్ 21

అత్తమ్మ గొర్రెలు మేపుతూ చెబుతుంటే గుట్ట మీది గడ్డి పేర్లన్నీ ఈ నోటుబుక్కులోనే రాశాను. చెంగలి, నక్కతోక, కాశె, గరిక. ఇట్లా పదిహేడు. ఏది ఏ గుండు పక్కన వస్తుంది, మిరుగం కార్తె తొలి వానకు ఏది ముందు లేస్తుంది, ఈనిన గొర్రెకు ఏది పాలు పెంచుతుంది, అన్నీ చెప్పింది. ఎక్కడా ఆగలేదు. నేనే, ఉండు అత్తమ్మా, చెయ్యి నొస్తాంది అన్నాను.

ఏం సదువుకున్నవే, నేను గొర్రెలు మేపుకుంటనే జెప్తున్న అంది.

జూలై 2

గుట్ట లీజు మీద గ్రామసభ అయింది. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఆఫీసరు సారు, మీ అభ్యంతరం ఏంటో చెప్పమన్నాడు. అత్తమ్మ లేచి, నా కోడలు సదువుతది అని మైకు నా చేతిలో పెట్టింది. నాకు ముందే చెప్పలేదు. చెబితే రానని ఆమెకు తెలుసు.

చదివాను. ముందు పాత కాగితం, తర్వాత పదిహేడు పేర్లు. మొదటి మూడు ఎవరికీ వినబడలేదట. సర్పంచి పర్వతాలు మామ, గట్టిగ సదువు బిడ్డా అన్నాడు. సారు మధ్యలో ఆపి, బంచరాయి అంటే రాయి కాదా అని అడిగాడు. సభంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నేనూ అట్లనే అనుకున్న సారు, మా అత్తమ్మ జెప్పింది అన్నాను. నేనే అన్నాను.

అప్పుడు దివాకర్ లేచి, ఇరవై మందికి పని పోతుంది, ఇక్కడే ఒకాయనకు మాట కూడా ఇచ్చాను అన్నాడు. అందరూ మా ఆయన వైపు తిరిగారు. ఆయన లేచి, నౌకరి నాకు గావాలె సారు, గుట్ట నేనొక్కణ్ణి ఇచ్చేది గాదు అన్నాడు. కూచున్నాడు. అంతే.

రిపోర్టు తప్పని సారు రాసుకున్నాడు. మళ్ళీ సర్వే చేయిస్తారట. లీజు రద్దు కాలేదు. ఆగింది.

జూలై 3

మైకులో నీ గొంతు అచ్చం మా అవ్వ గొంతు లెక్కనే ఉండె అన్నాడు ఆయన, అత్తమ్మ వైపు చూస్తూ.

ఆగస్టు 19

మంచి వానలు. పద్నాలుగో నంబరు గుండు దగ్గర గడ్డి అంకెలో సగం దాకా వచ్చింది.