ఇస్త్రీపెట్టె పక్కన ఉప్పురాయి

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

నువ్వు పంపిన ఉప్పురాయి అందింది. కత్తిరించిన గుడ్డలు ఎగిరిపోకుండా కుట్టుమిషను మీద పెట్టుకున్నాను. మధ్యలో బూడిదరంగు చార ఉంటే మురికనుకుని తుడవబోయాను. పక్కింటి సైన్సు మాస్టారు చూసి, "అమ్మాయ్, అది అగ్నిపర్వతం బూడిద" అన్నారు. పొటాష్ గనిలో ఉద్యోగమన్నావు గానీ, అగ్నిపర్వతం సంగతి ఒక్క ముక్కైనా చెప్పావా? అసలక్కడ నీ పనేమిటి? వెంటనే రాయి.

ఇట్లు,
నిద్రపట్టని అక్క

తా.క. కిందికి దిగేటప్పుడు గొడుగు పట్టుకెళ్ళు. నవ్వకు.

---

అక్కకి నమస్కారాలు.

గొడుగు దగ్గర నవ్వాగలేదు. ఆ కొండ మనుషులు పుట్టకముందే చల్లారిపోయిందే తల్లీ! అప్పుడిక్కడ సముద్రం ఉండేది. నీళ్ళు ఎండిపోతూ ఉప్పు పేరుకుంది. చివరికి మిగిలిన కాసిని చిక్కటి చేదునీళ్ళలోంచి పొటాష్ దిగింది. పొలాలకి ఎరువుగా వేసేది అదే. మళ్ళీ సముద్రం పొంగింది, మళ్ళీ ఉప్పు. ఆ మధ్యలో ఎక్కడో కొండ పేలి ఇంత బూడిద చల్లిపోయింది. ఆ చార మాకు గుర్తు. అది నెత్తిమీద కనిపించిందంటే పొటాష్ చేతికందే ఎత్తులో ఉన్నట్టే. భయపడేదేమీ లేదు.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. నా పనంటావా, ఇనుపగడతో గని కప్పు తట్టి వినడం. ఖంగుమంటే గట్టిదని అర్థం. ఇంతవరకు ఖంగుమనే అంది.

---

తమ్ముడికి దీవెనలు.

గట్టి కప్పుని తట్టి చూడటం దేనికిరా? నా ఇంటి కప్పుని నేనెప్పుడైనా తట్టానా? ఖంగుమనకపోతే ఏమవుతుందో నువ్వు రాయలేదు. మాస్టారిని అడిగితే కళ్ళజోడు తుడుచుకుంటూ మాట మార్చేశారు.

ఇంకోటి. నిన్న ఇస్త్రీ చేస్తుంటే పక్కనున్న నీ రాయి దానంతటదే రెండు ముక్కలైంది. ఆవిరి తగిలిందో ఏమో, సరిగ్గా బూడిద చార దగ్గరే, కుట్టు విప్పినట్టు విడిపోయింది. నాకు భయంగా ఉంది. వచ్చెయ్.

ఇట్లు,
అక్క

తా.క. మీ మేనేజరుకీ రాశాను. చిన్నప్పుడు నీకు చీకటంటే భయమనీ, పక్క తడిపేవాడివనీ.

---

అక్కా,



మేనేజరు నీ ఉత్తరాన్ని గనిలో కొత్తగా తవ్విన గదిలో, భోజనాల బల్ల దగ్గర చదివాడు. అందరూ పడీపడీ నవ్వారు. నేను మాత్రం నువ్వు నాకు రాసిన ఆవిరి మాట దగ్గరే ఆగిపోయాను. కొద్దిరోజులుగా పైనుంచి కిందికొచ్చే గాలి బాగా చెమ్మగా ఉంది. ఆ గదిలో మా నెత్తిమీదున్నది అదే బూడిద పొర. పొద్దున ఖంగుమన్న చోటే మళ్ళీ తట్టాను. గుల్లగా మోగింది. అందరినీ బయటికి తోలాను. తిట్టుకుంటూనే కదిలారు. చివరివాడు గడప దాటాడో లేదో, కప్పు బల్ల మీద కూలింది.

నీకు ధైర్యం చెబుతూ వచ్చాను గానీ, నాకు రోజూ భయమే.

ఇట్లు,
బతికున్న నీ తమ్ముడు

తా.క. ఇక మీదట ప్రతి గది నుంచీ ఒక రాయి నీకు పంపమన్నాడు మేనేజరు, ఇస్త్రీ పక్కన పెట్టి చూడమని. మొదటిది పార్సిల్ చేశాను. నువ్వు సరేనంటేనే గదిలోకి దిగుతారట.

---

తమ్ముడికి,

పార్సిల్ వచ్చింది. విప్పలేదు.

ఆ మొదటి రాయి దానంతటదే విరగలేదురా. ఇస్త్రీపెట్టెతో నేనే కొట్టాను. నిన్ను బెదరగొట్టి ఇంటికి రప్పిద్దామని. తెల్లటి చోట ఎంత బాదినా చెక్కుచెదరలేదు, చార మీద ఒక్కటేస్తే విడిపోయింది. నువ్వు నమ్మాలని ఆవిరి కూడా కలిపాను.

ఇప్పుడు ఈ రెండో రాయిని ఏం చెయ్యను? ఇది విరగలేదని రాస్తే మీరు దిగుతారు. విరిగిందని రాస్తే మళ్ళీ అబద్ధం. ఒక్క అబద్ధం ఎలాగో కలిసొచ్చింది. ఇంకోటి కలిసొస్తుందని ఎవరు చెప్పగలరు? నా మాట పట్టుకుని ఎవరూ ఏ గదిలోకీ దిగొద్దని మీ మేనేజరుకి చెప్పు. నువ్వు మాత్రం వచ్చెయ్.

ఇట్లు,
అక్క

తా.క. మేనేజరుకి రాసిన దాంట్లో మాత్రం అబద్ధం లేదు. నీ పక్క వేసే ఉంచాను. దీపం కూడా ఆర్పనులే.