నీ గన్నేరు, నీ గబ్బిలాలు

అక్కా,

ఇది నీకు చేరదని తెలిసినా, ఇంకెవరికీ చెప్పుకోలేక రాస్తున్నాను. ఇంటి వెనక చింతచెట్టును నిన్న కొట్టేశారు. పట్టపగలు దాని మీది గబ్బిలాలన్నీ లేచి, ఎటు పోవాలో తెలియక బోధన్ రోడ్డు మీద చాలాసేపు తిరిగాయి.

సోమవారం పక్కింటి సాయవ్వ మేక గిలగిలా కొట్టుకుని చచ్చిపోయింది. "గబ్బిలాలు కొరికిన జామపండ్లు తిన్నదిరా. రేపు మన పిల్లలు తింటె?" అని ఆమె మొత్తుకుంటే, చింతచెట్టు కొట్టెయ్యాలని గల్లీ అంతా ఒక్కటైంది. ఈ జనానికి ఎట్లా చెప్పాలి? గబ్బిలం ఊరంతా గింజలు చల్లి చెట్లు మొలిపిస్తుంది, కానీ మొహం బాగుండదు, అదే దాని నేరం. గన్నేరు గులాబీ రంగులో పూస్తుంది కాబట్టి ప్రతి గేటు పక్కనా ఉంటుంది, దేవుడి దాకా పోతుంది. ఆకు నుంచి వేరు దాకా విషమేనని బడిలో ఏళ్ల తరబడి చెప్పావు. ఒక్కరికీ గుర్తులేదు.

నాకు గుర్తుంది. "తమ్మీ, గన్నేరు కొమ్మలు కొడితె బొంద తీసి పూడ్సిపెట్టు. మేకల నోటికి అందనియ్యకు" అనేదానివి. ఆదివారం నువ్వు నాటిన గన్నేరును కత్తిరించింది నేనే. బద్ధకించి కొమ్మల్ని గోడ అవతల పడేశాను.

నిజం చెబితే నీ గన్నేరును వేర్లతో పీకేస్తారని నోరు మూసుకున్నాను. చింతచెట్టు కొట్టినవాళ్లకు చాయ్ కూడా ఇచ్చాను.

ఈ రోజు నీ సంవత్సరీకం. చింతచెట్టు లేకపోయేసరికి గన్నేరు మీద ఎండ బాగా పడుతోంది. సాయవ్వ పొద్దున్నే వచ్చి, "మీ అక్క పెట్టిన చెట్టురా, ఎంత మంచిగ పూసిందో సూడు" అంటూ నీ ఫొటోకు పూలు కోసింది.