హంస కింద మనిషి

నారిచ్‌లో బోర్డులు చేసే క్లెమెంట్ మేస్ గారికి,

గాలివానకు మా ఊరి హంస బోర్డు విరిగిపోయింది. ఆ బొమ్మ మావారు ఆంబ్రోస్ తన పాతకాలపు ఏకార్న్ కంప్యూటర్ మీద వేశారు. ఆయన పోయి నాలుగేళ్లు. బొమ్మ ఉన్న ఫ్లాపీ పంపుతున్నాను. అచ్చం అలాగే, తలుపంత కావాలి.

మీ మేలు కోరే,
హెస్టర్ లార్వుడ్

తా.క. ఫ్లాపీ మీది మరక ప్లమ్ జామ్. ఆయన చేతిదే, అందుకే తుడవలేదు.

*

లార్వుడ్ అమ్మగారికి,

హంస తెరుచుకోవడం లేదు. ఈ పాతరకం ఫైలు ఇప్పటి కంప్యూటర్లకు అర్థం కాదు. చుక్కలతో కాక గీతలతో కట్టిన బొమ్మ కనుక ఎంత పెంచినా చెడదు. కానీ ముందు మార్చాలి. మార్చమంటారా?

విధేయుడు,
క్లెమెంట్ మేస్

తా.క. జామ్ ఇప్పుడు నా కీబోర్డుకూ ఉంది.

*

మేస్ గారూ,

మార్చడానికి వీల్లేదు. మా హంసకు చుక్కలు ఎన్నడూ లేవు, తెల్లగానే ఉండేది. తెరుచుకోకపోతే వెన్న కత్తితో ఫ్లాపీ అంచున ఉన్న రేకు పక్కకు జరపండి. ఆంబ్రోస్ అలాగే చేసేవారు.

కాస్త కోపంతో,
హెస్టర్ లార్వుడ్

తా.క. హంస బదులు కుందేలు పెట్టించమని పక్కింటి ఐడా థర్టిల్ మీకు రాస్తే, చదవకండి.

*

అమ్మగారికి,

మార్చేది హంసను కాదు, ఫైలును. మార్చాను కూడా. గీతలన్నీ వచ్చాయి, లోపల నింపిన తెలుపు మాత్రం రాలేదు. దాంతో హంస కింద దాగిన ఇంకో బొమ్మ బయటపడింది. ఒకావిడ కుర్చీలో నోరు తెరిచి నిద్రపోతోంది. ఒంటి మీద ఆకుపచ్చ గీతల శాలువా. అచ్చు జతచేశాను. ఆవిడను తీసెయ్యమంటారా?

విధేయుడు,
క్లెమెంట్ మేస్

తా.క. ఎంతో శ్రద్ధగా వేశారు. జుట్టులో ప్రతి పోగూ విడిగా ఉంది.

*

మేస్ గారూ,

అలాంటి శాలువా ఐడాకే ఉంది. ఆయన కంప్యూటర్ బల్ల ఎదుటి కిటికీ ఐడా తోటవైపు. రెక్కలు కుదరడం లేదంటూ సాయంత్రాలన్నీ అక్కడే కూర్చునేవారు. అచ్చు పట్టుకుని ఆవిడ దగ్గరికే వెళ్తున్నాను. పని ఆపండి.

హెస్టర్ లార్వుడ్

తా.క. నేను నోరు తెరిచి నిద్రపోను.

*

ప్రియమైన మేస్ గారికి,

ఐడా అచ్చు చూసి, నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది. “ఇది నువ్వేనే హెస్టర్. ఒకే ఉన్నితో రెండు శాలువాలు అల్లాను. నీది రైల్లో పారేసుకున్నావు. టీ తాగాక రోజూ ఆయన బల్ల పక్క కుర్చీలో ఇలాగే పడుకుంటావు, గురక మా తోటదాకా వస్తుంది” అంది.

నిద్రలో నా ముఖం నేనెప్పుడు చూశాను? ఆయన చూస్తూ కూర్చున్నారన్నమాట.

హంసలో తెలుపు నింపండి. నన్ను తీసెయ్యకుండా ఫైల్లో కిందే ఉంచండి. ఊరికి తెలియనక్కర్లేదు.

కృతజ్ఞతతో,
హెస్టర్

తా.క. తనకూ ఒక అచ్చు కావాలని ఐడా అడుగుతోంది. ఇవ్వకండి.