తొట్టి దగ్గర కాపలా

ఆదివారం రాత్రి, పుంగనూరు

చిన్ని ఆడుకునే ప్లాస్టిక్ తొట్టిలో ఇంకా గురువారం నీళ్లే ఉన్నాయి. కాళ్లు కడిగాకే పిల్లను దించుతున్నాను, టీ వడగట్టే జల్లెడతో ఆకులు తీస్తున్నాను, రాత్రిళ్లు పాత చీర కప్పుతున్నాను. అయినా ఇవాళ తొట్టి అడుగు పాచి పట్టి జారుతోంది.

మిరప మొక్కలకు పోసేస్తానంటే అత్త ఒప్పుకోలేదు.

"ట్యాంకరు వచ్చినాక పోద్దువులేమ్మా, యాల తొందర? నీళ్లు బాగానే ఉండాయి కదా!"

బాగానే ఉన్నాయట! ఆమె ఒక్క పూట ఇక్కడ కూర్చుంటే తెలుస్తుంది. రెండేళ్ల పిల్ల మునగడానికి జానెడు నీళ్లు చాలు. నీళ్లు పారబోయకూడదు, వదిలి లోపలికి పోకూడదు. కూరగాయలు కూడా తొట్టి పక్కనే పీటేసుకుని తరుగుతున్నాను.

మధ్యాహ్నం కుప్పం నుంచి అమ్మ ఫోన్ చేసింది.

"నాలుగు దినాలు వచ్చి పోరాదా? ఆడ నీకేం పని ఉండాది?"

తొట్టికి కాపలా కాస్తున్నానని చెప్పలేక నవ్వేశాను. అత్తను అడిగి చెప్తానన్నాను. ఇంకా అడగలేదు.

సాయంత్రం చిన్ని నీళ్లలో కాసేపు కాళ్లు తపతపలాడించి, "సాలమ్మా" అంది. అంచు పట్టుకుని తనంతట తానే బయటికొచ్చి, తడి కాళ్లతో ఇంట్లోకి వెళ్లిపోయింది. ఎవరినీ అడగలేదు.

నేను పీట మీదే కూర్చుని ఉన్నాను.