మామిడిపండ్లు మాగిన కారును కారుగానే గుర్తించమని

గౌరవనీయులైన డివిజన్ అధికారి వారికి,
నూజివీడు.

అర్జీదారు: గుడిపాటి బసవపున్నారావు, మామిడి రైతు, కొత్తగోగులపాలెం గ్రామం, ముసునూరు మండలం.

అయ్యా,

విషయం: నా పెట్రోలు కారును పండ్ల తనిఖీ వారు "అనుమతి లేని మాగబెట్టు గది"గా వ్రాసుకొని సీలు వేయుట, నన్ను సదరు గదికి "ఆపరేటరు"గా నమోదు చేయుట, కారును కారుగాను, నన్ను ఆసామిగాను తిరిగి గుర్తింపజేయుట గురించి.

1. నేను పై గ్రామ కాపురస్తుడను. నాకు నాలుగు ఎకరముల మామిడితోట కలదు. అందులో ఎక్కువ భాగం చిన్న రసాలు, గట్టు వెంబడి కొన్ని కలెక్టరు కాయలు. కలెక్టరు కాయ అనునది ముక్కు వంకర తిరిగి, పచ్చడికి తప్ప మరి దేనికీ లొంగని కాయ. ఆ పేరు మేము పెట్టినది కాదు. తమరు వేరుగా భావించరాదని ముందుగానే మనవి చేసుకొనుచున్నాను.

2. కాపు బాగా వచ్చిన ఒక ఏడాది, కారు కొనవలెనని నాకు బుద్ధి పుట్టినది. ఏ కారు కొనవలెనో చెప్పినవాడు నా బావమరిది సుభాష్. ఇతను విస్సన్నపేట వాస్తవ్యుడు. కార్ల విషయంలో మా చుట్టాలందరికీ ఇతనే సలహాదారు.

"డీజిల్ది వద్దు బావా. ఇదివరకు డీజిల్ చవకని కొనేవాళ్ళు. ఇప్పుడు పెట్రోలూ డీజిలూ పక్కపక్కనే పరిగెడుతున్నాయి. నువ్వు తిరిగేదెంత? పెట్రోలుది తీసేసుకో" అన్నాడు.

నేను ఒక పాత తెల్ల పెట్రోలు కారు తీసుకొన్నాను. నేను కొన్న తరువాత సుభాష్ తన పెట్రోలు కారును అమ్మివేసి గ్యాసు కారు కొన్నాడు. ఆ గ్యాసు బండ డిక్కీ అంతా ఆక్రమించినందున సామాను పెట్టుకొను వీలు లేకపోయినది. గ్యాసు పోయించుకొనుటకు బంకు ముందు వరుసలో నిలబడి నిలబడి, అతను ఆ వరుసలోనే ఇద్దరి పెళ్ళి సంబంధాలు కుదిర్చినాడు. చివరకు దానినీ అమ్మి కరెంటు కారు కొన్నాడు. ఇప్పుడతను ఏ చుట్టాల ఇంటికి వెళ్ళవలెనన్నా ముందు ఫోను చేసి, వరండాలో పెద్ద ప్లగ్గు ఉన్నదా అని అడుగుచున్నాడు. ప్లగ్గు లేని మేనత్తను చూసి అతనికి ఏడాది దాటినది. మా ఇంట ప్లగ్గు ఉన్నందున వారం వారం వచ్చి, వైరు తగిలించి, భోజనం చేసి, నిద్రపోయి, లేచి, "ఇంకా సగమే ఎక్కింది అక్కా, టీ పెట్టు" అని నా భార్యతో చెప్పుచున్నాడు. దీనిపై నాకు ప్రత్యేక ఫిర్యాదు లేదు. చుట్టరికం పెరుగుట మంచిదే. కరెంటు బిల్లు కూడా పెరుగుచున్నదని మాత్రం తమ దృష్టికి తెచ్చుచున్నాను.

3. మామిడి ధర ఏటా దిగుచున్నది. పెట్రోలు ధర ఏటా ఎక్కుచున్నది. నేను మొదట ఏసీ మానివేసినాను. తరువాత, ఊరికే నూజివీడు వెళ్ళి టీ త్రాగి వచ్చుట మానివేసినాను. తరువాత, దూరపు పెళ్ళిళ్ళకు బస్సులో వెళ్ళి దగ్గర పెళ్ళిళ్ళకు మాత్రం కారు తీసినాను. లీటరు వంద దాటిన పిమ్మట దగ్గర పెళ్ళిళ్ళకు నడిచినాను. కారును తోటలోని రేకుల షెడ్డులో పెట్టి, పైన దుప్పటి కప్పినాను.

అయ్యా, ఇకపై వ్రాయునది సర్కారు కాగితంలో వ్రాయదగినది కాదు. కాని వ్రాయకపోతే కేసు అర్థం కాదు. సాయంత్రం పూట నేను దుప్పటి తీసి కారులో కూర్చొనుచుంటిని. తాళం తిప్పను. ఇంజను వేయను. స్టీరింగు పట్టుకొని అద్దంలోంచి చెట్ల వైపు చూచుచు, అవసరమైనచోట గేరు మార్చుచుంటిని. దీనికి పెట్రోలు ఖర్చు కాదు. నా భార్య ప్రమీలారాణి పాలచెంబుతో అటుగా వెళ్ళుచు, "ఎక్కడిదాకా వచ్చారు?" అని అడిగేది.

"హనుమాన్ జంక్షన్ దాటాను" అనేవాడిని.

"సరే, అన్నం వేళకి వచ్చెయ్యండి" అనేది.

ఇంతవరకు ఏ శాఖకు ఏ ఇబ్బందీ కలుగలేదు.

4. ఈ ఏడు మార్కెట్టులో రసాలను అడిగినవాడు లేడు. కొన్ని కాయలను ఇంటనే మాగబెట్టి పండ్లుగా అమ్ముదామని నా భార్య వరిగడ్డిలో వేసినది. కోతులు వచ్చి గడ్డిని ఇల్లంతా పరచి, కాయలను ఇంటి కప్పు మీదకు తీసుకొనిపోయినవి. ఆమె తలుపు సరిగా మూసుకొను చోటు కొరకు ఊరంతా ఆలోచించి, చివరకు షెడ్డు వైపు చూచినది.

"అదేంటి, కార్లో గడ్డి వేస్తావా?" అన్నాను.

"ఎలాగూ మనుషుల్ని ఎక్కడికీ తీసుకెళ్ళట్లేదు కదండీ. కాయల్నన్నా మాగనివ్వండి."

మొదట వెనుక సీటు. తరువాత డిక్కీ. ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి ముందు సీటులో కూడా వరుసలు పేర్చి, పైన గడ్డి కప్పి, సీటు బెల్టు పెట్టి ఉన్నది. నేను గట్టిగానే అడిగినాను. "డ్రైవరు సీటు మీదే. దాని జోలికి రాను" అని ఆమె మాట ఇచ్చినది. ఆ మాట ఆమె తప్పలేదు.

అద్దాలు కొంచెం దించి తలుపులు మూస్తే, లోపలి వేడికి కాయలు ఎక్కడా మచ్చ లేకుండా, ముచిక దాకా పసుపు తిరిగి మాగినవి. ఆ వాసన రోడ్డు వరకు పోయినది. మనుషులు తోటలోకే వచ్చి కొనుచుండిరి. వాటికి "కారు పళ్ళు" అని వాళ్ళే పేరు పెట్టినారు. చాట్రాయి నుండి వచ్చిన ఒక పెద్దావిడ కారులోకి వంగి చూసి, గడ్డి మధ్య స్టీరింగు పట్టుకొని ఉన్న నన్ను గమనించి, "అమ్మా, ఈయన్ని కూడా మాగేశారా?" అని అడిగినది.

"ఆయన కాయగానే ఉన్నారండీ. తొందరేం లేదు" అని నా భార్య చెప్పినది. అందరూ నవ్వినారు. నేను గేరు మార్చినాను.

5. ఏలూరు పెద్దమనిషి ఒకాయన మా పండ్లు తిని, ఇంకా కావలెనని, తెలియక పండ్ల తనిఖీ వారి ఉచిత ఫోను నంబరుకు చేసి, "కొత్తగోగులపాలెం కారు పళ్ళు ఎక్కడ దొరుకుతాయండీ?" అని అడిగినాడట. అవతలివారు దానిని "కార్బైడు పళ్ళు" అని వ్రాసుకొన్నారు. కార్బైడు అనునది కాయలను ఒక్క రాత్రిలో పండించుటకు కొందరు దొంగచాటుగా వాడే, నిషేధించబడిన మందు. మేము దానిని కంటితో చూసి ఎరుగము.

తనిఖీ అధికారి శ్రీ చిన్నరాయప్ప గారు వచ్చినప్పుడు సాయంత్రమైనది. నేను కారులో ఉన్నాను.

"ఏం చేస్తున్నారండీ లోపల?" అని అడిగినారు.

అలవాటు కొద్దీ నా నోటి నుండి, "గన్నవరం వస్తోందండి" అని వచ్చినది.

ఆయన చుట్టూ చూసినారు. చుట్టూ మామిడిచెట్లు. నా భార్య పరుగున వచ్చి, "కార్బైడు కాదండీ సార్. వట్టి కారు" అని చెప్పినది.

"వట్టి కారేంటమ్మా, నిండా పళ్ళుంటే" అన్నారు ఆయన. ఆయన మాటలోనూ తప్పు లేదు.

కొన్ని పండ్లను పరీక్షకు తీసుకొని, నాలుగు తలుపులకూ డిక్కీకీ లక్క సీలు వేసినారు. ముందు నన్ను దిగమన్నారు. పంచనామాలో ఇట్లు వ్రాసినారు: "గదికి తలుపులు ఐదు, చక్రములు నాలుగు. లోపల ఒక ఆపరేటరు స్టీరింగు పట్టుకొని ఉండెను. ప్రశ్నించగా తాను గన్నవరం సమీపిస్తున్నట్లు తెలిపెను." ఇద్దరు సాక్షులు సంతకం చేసినారు. అందులో ఒకడు సుభాష్. ఆ రోజు అతను ఛార్జింగుకు వచ్చి ఉన్నాడు.

6. అది గది అని కాగితం మీద పడిన తరువాత జరిగినది తమరికి మనవి చేసుకొనుచున్నాను. మా పంచాయతీ కార్యదర్శి గారు ఇంటి పన్ను నోటీసు తెచ్చి, తలుపు సందులో దోపి వెళ్ళినారు. బండ్ల కాగితాలు చూచే ఏజెంటును అడిగితే, గదికి రిజిస్ట్రేషను ఉండరాదు, నంబరు ప్లేటు ఊడదీసి అప్పగించమన్నాడు. బీమా ఆయన, గదులకు వేరే పాలసీ అన్నాడు. ఆ పాలసీ కట్టుదామంటే చక్రములున్న ఇంటికి కుదరదన్నాడు. సుభాష్ అంతా విని, "కరెంటు కారైతే ఈ గొడవే ఉండేది కాదు బావా. దానికింత వేడి ఎక్కదు, పళ్ళు మాగవు" అన్నాడు. అన్నప్పుడు అతని కారు మా ప్లగ్గుకే తగిలించి ఉన్నది.

7. అయ్యా, పన్ను కట్టగలను. నోటీసు భరించగలను. కాని సాయంత్రం అవుచున్నది. ప్రతి రోజూ అవుచున్నది. సీలు వేసిన కారు ముందు నులకమంచం వేసుకొని కూర్చొనుచున్నాను. మంచం మీద కూర్చొని ఎక్కడికీ వెళ్ళలేము. ప్రయత్నించినాను. లోపలి పండ్లు మెత్తబడి, కారి, సీటు బెల్టు క్రింద నుండి రసం దిగుట అద్దంలోంచి కనబడుచున్నది. నా భార్య సీజను కష్టమంతా దానిలో ఉన్నది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. మొన్న వచ్చి మంచం మీద నా పక్కన కూర్చొని, "ఎక్కడున్నారు?" అని అడిగినది.

"ఇంట్లోనే" అన్నాను.

ఆమె లేచి వెళ్ళినది. ఇది ఏ శాఖ క్రిందకు వచ్చునో నాకు తెలియదు. అందువలన తమరికి వ్రాయుచున్నాను.

కావున తమరు దయతలచి, (అ) సదరు వస్తువు కారేనని ఒక ఉత్తరువు ఇప్పించవలెను. (ఆ) పంచనామాలో ఆపరేటరు అను మాట కొట్టివేసి డ్రైవరు అని వ్రాయించవలెను. నాకు లైసెన్సు కలదు, జిరాక్సు జతపరచితిని. (ఇ) ఇంటి పన్ను రద్దు చేయవలెను. పెట్రోలు ధర తమ చేతిలో ఉన్నచో అది కూడా. లేనిచో, ఎవరి చేతిలో ఉన్నదో వారి చిరునామా ఇప్పించినా చాలును, వారికి వేరే అర్జీ పెట్టుకొనెదను.

ఈ నా గోడును తమరు ఒక పూట తీరిక చేసుకొని, వీలైతే సాయంత్రం పూట, చిత్తగించవలెనని వేడుకొనుచు,

తమ విధేయుడు, ఆపరేటరు కానివాడు,
గుడిపాటి బసవపున్నారావు

తా.క. అయ్యా, నేను ప్రమీలారాణిని. ఆయన చెయ్యి ఖాళీ లేదు, అందుకని కాగితం వెనక నేను రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే రోడ్డు వల్ల.

ఈ పొద్దున ఆయన ఈ అర్జీ పట్టుకుని బస్సుకి బయల్దేరుతుంటే చిన్నరాయప్ప గారు వచ్చారు. పరీక్షలో ఏ మందూ లేదని తేలిందట. సీళ్ళు తీసేశారు. పళ్ళు చాలావరకు పోయాయి, ఎత్తి పాదుల్లో పోశాను. డిక్కీలో అడుగు వరసవి బాగున్నాయి. సార్ ఎండలో మెయిన్ రోడ్డు నుంచి నడిచి వచ్చారు. వాళ్ళ జీపుకి ఈ నెల ఇచ్చే డీజిల్ అయిపోయిందట. "మళ్ళీ బస్సెప్పుడమ్మా?" అని నన్నడిగారు. మా ఆయన వెంటనే, "నూజివీడే కదండీ, నేను దింపుతాను" అన్నారు.

అన్నాళ్ళు కదలకపోయేసరికి బ్యాటరీ చచ్చిపోయింది. సార్, నేను, ఛార్జింగుకొచ్చిన మా తమ్ముడు సుభాష్ కలిసి తోశాం. సార్ బూట్లు పాడయ్యాయి. ఇంజను అందుకోగానే మా ఆయన ఆపకుండా, "ఎక్కెయ్యండి, ఎక్కెయ్యండి" అన్నారు. సార్ వెనక గడ్డి మీద ఎక్కారు. నేను ముందు ఎక్కాను.

ఇబ్బందేంటంటే, ఆపితే మళ్ళీ స్టార్టవదేమోనని ఈయన ఆపట్లేదు. సార్‌ని దింపాల్సిన ఆఫీసు ముందు నుంచి రెండుసార్లు వెళ్ళాం. మొదటిసారి సార్ "ఆపండి, ఆపండి" అన్నారు. రెండోసారికి సార్ పండు తింటున్నారు. ఎవరైనా వచ్చి సార్ కనపడట్లేదని కంప్లైంటు ఇస్తే, ఆయన క్షేమంగా ఉన్నారని చెప్పండి.

తమరి గేటు దగ్గర కాస్త నెమ్మది చేస్తానన్నారు మా ఆయన. కాగితం కిటికీలోంచి బంట్రోతుకి అందిస్తాను. దిగి, నమస్కారం పెట్టి ఇవ్వాల్సింది, మన్నించండి. అది కారేనని మాకు తెలిసిపోయింది కాబట్టి (అ) కొట్టేసుకోండి, మిగతావి ఉంచండి.

పెట్రోలు ముల్లు ఎర్ర గీత మీదకి వచ్చింది. ఎదురుగా బంకు కనపడుతోంది. ఆయన అటు చూడట్లేదు. నేనూ చెప్పట్లేదు.