మెరిసే పుట్టగొడుగు

చిరంజీవి అమ్మడికి, బాబాయి బోలెడు దీవెనలతో రాసేది.

మీ పిన్ని పట్టుదల తప్ప ఇక్కడంతా కులాసా. పెరటి చివర, అడవి మొదలయ్యే చోట ఎండిన చెట్టుంది కదా, దాని మొదట్లో పుట్టగొడుగు మొలిచింది. గొడుగులా లేదు, గోడకి కొట్టిన అరలా గట్టిగా ఉంది. "చెట్టు కుళ్లింది, కొట్టించాల్సిందే" అని మీ పిన్ని ఒంటికాలి మీద లేస్తోంది. ఆ చెట్టుకి వీపు ఆన్చి కూర్చోకపోతే నాకు పొద్దుపోదు. పుట్టగొడుగుల మీదే పరిశోధన చేస్తున్నదానివి, అది ఏ రకమో చెప్పు. కాస్త పేరున్నదైతే, ఎండిన చెట్టయినా బతికిపోతుంది. ఒకటి కోసి పంపుతున్నాను.

నీ బాబాయి

తా.క.: ఉడుకుతుందేమో కనుక్కోమంది మీ పిన్ని.

బాబాయికి నమస్కారాలు.

పొట్లం విప్పి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను! అడుగున సన్నటి చిల్లులు, పైన అద్దంలాంటి మెరుపు. ఈ మెరిసే రకం మన చుట్టుపక్కల ఇంతవరకూ దొరకలేదు. దీనికో ఘాటు వాసన కూడా ఉంది, ఏ పుస్తకంలోనూ లేదు. మా పెద్దసారు స్వయంగా వస్తానంటున్నారు. చెట్టు మీద గొడ్డలి పడనివ్వకు.

నీ అమ్మడు

తా.క.: పిన్నీ, తోలు చెప్పు ఉడికితే ఇదీ ఉడుకుతుంది.

చిరంజీవి అమ్మడికి,

నీ ఉత్తరంతో నా రాత మారింది. మీ పిన్ని చెట్టు చుట్టూ తాడు కట్టి, పక్కింటివాళ్లని అవతలినుంచే చూడమంటోంది. దగ్గినా ఊరుకోవడం లేదు. నాకు టీ చెట్టు దగ్గరికే వస్తోంది. ఇంతకంటే ఏం కావాలి?

నీ బాబాయి

తా.క.: జీవితమంతా కుర్చీలకీ బల్లలకీ పాలిష్ పెట్టినవాణ్ణి, నా చేతిలోంచి ఏదీ వెలవెలబోతూ వెళ్లకూడదు. అందుకే నీకు పంపినదానికి ఒక పూత లక్క పాలిష్ పెట్టాను. పెద్దసారు వస్తున్నారుగా, చెట్టు మీదున్నవాటికి కూడా పెట్టేయనా?

బాబాయ్!

ముందు ఆ డబ్బా మూత బిగించు. సారు ముందు నా పరువు గంగలో కలిసింది. గీకి చూస్తే లోపల మట్టిరంగు. ప్రతి ఎండుచెట్టు మీదా ఉండే మామూలు రకం! పిన్నికి నిజం నువ్వే చెప్పుకో, నా వల్ల కాదు.

అమ్మడు

తా.క.: ఒక పూతేమిటి, రెండున్నాయి. సారు తన పాత కుర్చీ పంపుతానంటున్నారు, పాలిష్‌కి.

చిరంజీవి అమ్మడికి,

గుండె చిక్కబట్టుకుని మీ పిన్నికి చెప్పేశాను. తాడు విప్పేస్తుందనుకున్నాను. టీ కలుపుతూనే, "మీ ఒక్క పూతకి దానికేం పరువొస్తుంది? ఆరాక రెండోది నేనే పెట్టాను" అంది.

మరి కొట్టించేయాలన్నావుగా అంటే, "అన్నమాట వెనక్కి తీసుకోవడం నాకు రాదు. పాలిష్ పెట్టడం వచ్చు" అంది.

సారు కుర్చీ పంపించు. చెట్టు కిందే కూర్చుని చేస్తాను.

నీ బాబాయి

తా.క.: కుర్చీకి కూడా రెండో పూత మీ పిన్నిదే.