పాస్ ఇచ్చినవాడి వైపు

ఫిబ్రవరి 1

ఫుట్‌బాల్ క్లబ్ డైరెక్టర్‌గా ఇది రెండో సీజన్. గ్రౌండ్ పైన గాజు గది ఇచ్చారు. ఏసీ ఉంది, సోఫా ఉంది, పిలిస్తే పలికే వెయిటర్ ఉన్నాడు. చప్పుడే లేదు. గోల్ పడితే కింద జనం నోళ్లు తెరవడం కనిపిస్తుంది, తొట్టెలో చేపల్లా.

బంతికి కాళ్లు లేకపోయినా నన్ను ఇరవయ్యేళ్లు పరిగెత్తించింది. ఈ కుర్చీకి నాలుగు కాళ్లు. ఒక్క అడుగు వెయ్యనివ్వదు.

ఫిబ్రవరి 8, సాయంత్రం

మళ్లీ ఓడాం. డ్రెస్సింగ్ రూమ్‌కి వెళ్లి తలుపు కొట్టాను. ఒకప్పుడు తువ్వాలు చుట్టుకుని తిరిగిన గది. లోపల మాటలు టక్కున ఆగిపోయాయి. కోచ్ ఒక్కడే, ఏంటి బావా, అప్పులవాడిలా తలుపు కొడతావ్, రా రా అన్నాడు.

మాకు చుట్టరికమేమీ లేదు. ఆడే రోజుల్లో నా గోల్స్‌లో సగం పైన వాడిచ్చిన పాస్‌ల మీదే. కొట్టగానే జనం వైపు కాదు, వాడి వైపు వేలెత్తి చూపించేవాణ్ని, ఫొటోలో వాడూ పడతాడని. ఫొటోల్లో నా వేలు మాత్రమే పడేది. అది వేరే సంగతి.

ఫిబ్రవరి 9

కోచ్‌ని తీసెయ్యాలన్నాడు చైర్మన్. శుక్రవారం మీటింగ్‌లో ఆ మాట మీరే అనాలి సార్, మీ నోటితో అంటే జనం ఊరుకుంటారు అన్నాడు.

ఫిబ్రవరి 11

మా నాన్నకి తెలిసిన పళ్ల డాక్టరొకాయన ఉండేవాడు. స్నేహితుల పన్ను పీకాలంటే మనసొప్పేది కాదట, పక్కూరి డాక్టరు దగ్గరికి పంపేసేవాడు. నాకు పక్కూరు లేదు.

ముందే చెప్పేద్దామని కోచ్ ఇంటికి వెళ్లాను. వాడు స్నానంలో ఉన్నాడు. వాళ్లావిడ కాఫీ ఇచ్చి, ఈయన సరిగా నిద్రపోవట్లేదు అన్నయ్యా, మీరైనా చెప్పండి అంది. చెప్పడానికే కదా వెళ్లింది. వాడు తల తుడుచుకుంటూ వచ్చేసరికి, కాఫీ బ్రహ్మాండంగా ఉందని చెప్పి లేచొచ్చేశాను.

ఫిబ్రవరి 13

మీటింగ్‌లో నేను గొంతు సవరించుకునేలోపే వాడు లేచాడు. ఒంట్లో బావుండట్లేదు, నేనే తప్పుకుంటున్నాను అన్నాడు. గుండ్రాయిలా ఉన్నాడు.

కారిడార్‌లో పట్టుకుని, నీకెవరు చెప్పారు అని అడిగాను. ఒకరు చెప్పాలా బావా, మీ చెల్లెలి కాఫీని పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మెచ్చుకున్నావు, అప్పుడే అర్థమైంది అన్నాడు. నవ్వాడు కూడా. ఎప్పుడూ ఉన్నదేగా, బంతి తెచ్చి నీ కాలి దగ్గర పెట్టాను, తన్నడమే నీ వంతు అన్నాడు.

ఫిబ్రవరి 16

ఫోన్ చేశాను. ఎత్తలేదు.

ఫిబ్రవరి 22

గెలిచాం. గోల్ పడగానే లేచి, కింద కోచ్ నిలబడే చోటు వైపు వేలెత్తాను. అక్కడ కొత్తాయన.

వెయిటర్ తననే పిలిచాననుకుని ఇంకో కాఫీ తెచ్చాడు.

తాగాను.